కంచె చేను మేయకుండా

'కంచే చేను మేస్తే' అన్న సామెత మనందరికీ తెలిసిందే. ఒంట్లోని వ్యాధినిరోధక వ్యవస్థ మనకి కంచె లాంటిది. సూక్ష్మజీవుల నుంచి కాపాడవలసిన ఈ కంచె ఒక్కోసారి చేనునే మేయటం మొదలుపెడుతుంది. కీళ్ళ పొరల మీద పడితే రుమటాయిడ్ ఆర్త్రైటిస్. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద పడితే మొదటి రకం మధుమేహం. నాడుల తొడుగు మీద పడితే మల్టిపుల్ స్క్లెరోసిస్. ఇలాంటి జబ్బులన్నింటినీ కలిపి ఆటోఇమ్యూన్ జబ్బులంటారు.

కంచె చేనుని ఎందుకు మేస్తుందన్నది ఎవరికైనా తట్టే ప్రశ్న. అంతకన్నా ఆసక్తికరమైన ప్రశ్న ఇంకొకటి ఉంది: మనలో ఎక్కువమందికి ఎందుకు మేయదు? ఈ రెండో ప్రశ్న వెంట నలభై ఏళ్ళకి పైగా నడిచిన జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకాగుచి. ఆయనకీ, అమెరికన్ శాస్త్రవేత్తలు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ లకీ కలిపి 2025లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ముందే ఒక మాట. పదో తరగతితో జీవశాస్త్రానికి దణ్ణం పెట్టి ఎం.పి.సి.లో చేరిన బాపతు నేను. ఆ తరవాత చదివిందంతా కంప్యూటర్ సైన్సే. కాబట్టి ఈ వ్యాసం నాలాంటి వాళ్ళ కోసం. మన వృత్తికి దగ్గరైన పోలికలు వాడతాను. అవి పనికిరాని చోట ఆ సంగతీ చెబుతాను.

పునాది: టి-కణాలు

తెల్ల రక్తకణాలలో ఒక జాతి టి-కణాలు. ఇవి ఎముక మజ్జలో పుట్టి, రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథికి చేరి, అక్కడ తయారై బయటకి వస్తాయి. టి-కణం ఉపరితలం మీద ఒక గ్రాహకం ఉంటుంది. తాళంలో తాళంచెవి అమరినట్టు ఏదైనా ప్రోటీను ముక్క అందులో అమరితే ఆ కణం మేల్కొంటుంది.

రేపు ఏ వైరస్ వస్తుందో శరీరానికి తెలియదు కదా, మరి దానికి సరిపోయే గ్రాహకాన్ని ముందుగా ఎలా తయారుచేస్తుంది? జన్యువుల ముక్కలని యాదృచ్ఛికంగా కలిపి, కోట్ల రకాల గ్రాహకాలు తయారుచేసి పెట్టుకుంటుంది. వాటిలో ఏదో ఒకటి పనికొస్తుంది. పద్ధతి అద్భుతమే కానీ ఇందులో ఒక చిక్కుంది. యాదృచ్ఛికంగా తయారైన వాటిలో మన సొంత ప్రోటీన్లకి అమరేవి కూడా ఉంటాయి.

అందుకే థైమస్‌లో పరీక్ష జరుగుతుంది. సొంత ప్రోటీన్లని గట్టిగా పట్టుకునే కణాలు అక్కడే చచ్చిపోతాయి. దీన్ని విడుదలకి ముందు జరిగే టెస్టింగ్ అనుకోండి. ఎంత మంచి టెస్టింగ్ బృందం ఉన్నా కొన్ని తప్పులు ప్రొడక్షన్‌లోకి జారిపోతాయని మనకి వేరే చెప్పక్కరలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంలో కూడా సొంత శరీరాన్ని గుర్తుపట్టే టి-కణాలు తిరుగుతూనే ఉంటాయి. మరి వాటిని ఆపుతున్నది ఎవరు?

పేరు చెడిన ఊహ

తోటి కణాలని అణిచే టి-కణాలు కూడా ఉండాలని 1970 ప్రాంతంలో రిచర్డ్ గెర్షన్ వంటివారు ప్రతిపాదించారు. దాదాపు పదేళ్ళపాటు ఆ ఊహ చుట్టూ బోలెడు పరిశోధన జరిగింది. తీరా 1980లలో జన్యువులని నేరుగా చదవటం మొదలయ్యాక, ఈ అణిచివేతకి మూలమనుకున్న జన్యువు ఉండవలసిన చోట లేనే లేదని తేలింది. దాంతో ఆ రంగానికి మొత్తంగా పేరు చెడిపోయింది. చాలామంది అందులోంచి తప్పుకున్నారు.

సకాగుచి తప్పుకోలేదు. అలాగని ఆయన పట్టుకు వేలాడింది పాత సిద్ధాంతాన్ని కూడా కాదు. ఆయన చేతిలో ఒక ప్రయోగ ఫలితం ఉంది. దానికి ఎవరి దగ్గరా సరైన వివరణ లేదు.

మూడో రోజు ఎలుకలు

నగోయాలోని ఐచి క్యాన్సర్ కేంద్రంలో నిషిజుకా, సకకురా అనే ఇద్దరు 1969లో ఒక వింత గమనించారు. పుట్టిన మూడో రోజున ఎలుకపిల్లకి థైమస్ తీసేస్తే, కొన్నాళ్ళకి దాని అండాశయాలు నాశనమవుతున్నాయి. ఏడో రోజున తీసేస్తే ఏమీ కావటం లేదు.

టి-కణాలు తయారయే గ్రంథిని తీసేస్తే దాడి తగ్గాలి. ఇక్కడ పెరిగింది. అంటే మూడో రోజు తరవాత థైమస్ నుంచి బయటకి రావలసినదేదో రాకుండా పోయిందన్న మాట. సకాగుచి 1980ల మొదట్లో చేసిన ప్రయోగం చాలా సూటిగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న అదే వంశపు ఎలుక నుంచి టి-కణాలు తీసి, థైమస్ పోయిన ఎలుకలకి ఎక్కించారు. జబ్బు రాలేదు! ఆ టి-కణాల గుంపులో ఎక్కడో కాపాడే కణాలు దాగి ఉన్నాయి. వాటిని మిగతా వాటి నుంచి ఎలా వేరుచెయ్యాలి? చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి.

వేరుచేసే గుర్తు దొరకటానికి పదేళ్ళకి పైగా పట్టింది. 1995లో ఆయన బృందం సి.డి.25 అనే ప్రోటీనుని ఆ గుర్తుగా ప్రకటించింది. టి-కణాలలో సి.డి.4 అనే రకం ఉంది. అందులో సుమారు పదోవంతు కణాల మీద ఈ సి.డి.25 ఉంటుంది. ఆ పదోవంతుని తీసేసి, మిగిలిన వాటిని టి-కణాలు లేని ఎలుకలకి ఎక్కిస్తే థైరాయిడ్, జీర్ణాశయం వంటి అనేక అవయవాల మీద దాడి మొదలైంది. తీసేసిన వాటిని వెంటనే తిరిగి ఇస్తే దాడి ఆగింది. ఈ కణాలకి నియంత్రక టి-కణాలని పేరు.

ఒకటి తీసి చూడు, తిరిగి పెట్టి చూడు. రెండు వైపులా ఫలితం సరిపోతేనే కారణం దొరికినట్టు. సర్వరు పడిపోయిన రాత్రి మనం చేసేదీ ఇదే. తేడా ఏమిటంటే మనకి ఒక్కో ప్రయత్నానికి ఐదు నిమిషాలు, ఆయనకి నెలలు.

రెండు అక్షరాలు

అయినా ఒక లోటు మిగిలింది. మామూలు టి-కణాలు కూడా దాడికి దిగినప్పుడు సి.డి.25ని ధరిస్తాయి. అంటే అది యూనిఫారం మాత్రమే, గుర్తింపు కార్డు కాదు. అసలు గుర్తింపు ఇంకొక దారిన దొరికింది.

టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ అణుబాంబు కార్యక్రమంతో ముడిపడ్డ ఊరు. అక్కడి ప్రయోగశాలలో రేడియేషన్ ప్రభావం తెలుసుకోవటానికి ఎలుకలని పెంచేవారు. 1949లో కొన్ని మగపిల్లలు పొలుసుల చర్మంతో, ఉబ్బిన ప్లీహంతో పుట్టి, కొన్ని వారాలకే చనిపోయాయి. ఆ వంశానికి స్కర్ఫీ అని పేరు పెట్టారు. మగవాటికే వస్తోంది కనక లోపం ఎక్స్ క్రోమోజోములో ఉందన్న మాట. ఆడవాటికి ఇంకొక ప్రతి ఉంటుంది కాబట్టి అవి బతికిపోతాయి.

1990లలో బ్రంకో, రామ్స్‌డెల్ ఆ లోపాన్ని వెతకటానికి పూనుకున్నారు. వాళ్ళు పనిచేసిన చిన్న బయోటెక్ కంపెనీ ఉన్నది సియాటిల్ పక్కన బాథెల్‌లో. రెడ్మండ్‌లో ఉద్యోగం చేసే మనవాళ్ళకి తెలిసిన ఊరే. ఎలుక ఎక్స్ క్రోమోజోములో సుమారు 17 కోట్ల అక్షర జంటలుంటాయి. వాటిలో వెతకవలసిన మేరని సుమారు ఐదు లక్షలకి కుదించారు. అందులో ఇరవై జన్యువులు తేలాయి. ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే, తప్పు ఆఖరిదైన ఇరవయ్యో దానిలో దొరికింది. రెండే రెండు అక్షరాలు అదనంగా చేరాయి. జన్యువుని మూడేసి అక్షరాల చొప్పున చదువుతారు కాబట్టి, రెండక్షరాలు ఎక్కువైతే అక్కడి నుంచి చదువంతా తప్పిపోతుంది. 2001లో ఈ ఫలితం ప్రకటించారు. ఆ జన్యువు పేరు ఫాక్స్‌పి3.

మనుషులలో ఇదే జన్యువు చెడితే మగపిల్లలకి ఐపెక్స్ అనే అరుదైన జబ్బు వస్తుంది. నెలల వయసులోనే మధుమేహం, ఆగని విరేచనాలు, ఒళ్ళంతా దద్దుర్లు. 2003లో ఈ రెండు దారులూ కలిశాయి. నియంత్రక కణాలని నియంత్రక కణాలుగా చేసేది ఫాక్స్‌పి3యేనని సకాగుచి బృందంతో పాటు మరో రెండు బృందాలు చూపించాయి. మామూలు టి-కణంలో ఈ జన్యువుని పెడితే అది కూడా అణిచే గుణం తెచ్చుకుంటుంది.

అన్నట్టు, నోబెల్ కబురు చెప్పటానికి స్వీడన్ నుంచి వచ్చిన ఫోనుని బ్రంకో ఏదో స్పామ్ అనుకుని వదిలేశారట!

అణచటం అంటే ఏమిటి?

నియంత్రక కణాలు వాడే పద్ధతులలో రెండు చెప్తాను. దాడి చేసే కణాలు పెరగటానికి ఇంటర్‌లూకిన్-2 అనే పదార్థం కావాలి. సి.డి.25 దాన్ని పట్టుకునే గ్రాహకంలో భాగమే. నియంత్రక కణాల మీద అది నిండుగా ఉంటుంది కనక, చుట్టుపక్కల ఉన్న ఇంటర్‌లూకిన్-2ని ముందుగా అవే తాగేస్తాయి. రెండోది: శత్రువుని చూపించి టి-కణాలని రెచ్చగొట్టే కణాలు వేరే ఉన్నాయి. వాటి మీద ఉండే రెచ్చగొట్టే ప్రోటీన్లని నియంత్రక కణాలు సి.టి.ఎల్.ఎ.-4 అనే కొక్కెంతో లాగేసుకుంటాయి.

మన పోలిక ఇక్కడ ఆగిపోతుంది. కంప్యూటర్లో ఒక అడ్మిన్ కూర్చుని చెడ్డ ప్రోగ్రాముని గుర్తించి ఆపుతాడు. ఒంట్లో అడ్మిన్ ఎవరూ లేరు. ఆహారం, పొరుగు, సంఖ్యాబలం. వీటి మీదే సమతూకమంతా నడుస్తుంది.

ఆ తూకం ఎటు ఒరిగినా కష్టమే. క్యాన్సర్ గడ్డలు నియంత్రక కణాలని తమ చుట్టూ పోగేసుకుని దాడి నుంచి తప్పించుకుంటాయి. సి.టి.ఎల్.ఎ.-4ని అడ్డుకునే ఇపిలిముమాబ్ అనే మందుకి 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది. కొందరు రోగులకి అది ప్రాణం పోసింది. అదే మందు మరికొందరిలో పెద్దపేగు వాపు తెచ్చిపెట్టింది. కళ్ళెం వదిలితే గుర్రం రెండు వైపులా పరిగెత్తుతుంది.

ఇది మనకెందుకు?

మా మేనత్తగారికి పదేళ్ళుగా రుమటాయిడ్ ఆర్త్రైటిస్. ఒక ఆదివారం ఫోనులో, "ఒరేయ్, వ్యాధినిరోధక శక్తి పెరగటానికి చూర్ణం అమ్ముతున్నారు. నా జబ్బు కూడా నిరోధక శక్తికి సంబంధించిందే కదా, మందులు ఆపేసి అది వాడితే సరిపోదూ?" అని అడిగారు. 2020 తరవాత ఇలాంటి ప్రకటనలు ఇంటింటికీ చేరాయి. ఆవిడ తర్కంలో తప్పు పట్టలేం. 'నిరోధక శక్తి' అనే మాట వినగానే అది ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదనిపిస్తుంది. "అత్తయ్యా, నీకు శక్తి తక్కువై కాదు, అదుపు తక్కువై నొప్పి," అన్నాను. "మందులు మాత్రం డాక్టరుగారిని అడక్కుండా ఆపొద్దు."

ఇప్పుడున్న మందులు చాలావరకు చేసేది వ్యవస్థని మొత్తంగా గాని, దానిలో ఒక పెద్ద దారిని గాని నెమ్మదింపచెయ్యటం. స్టెరాయిడ్లది మొదటి పద్ధతి. టి.ఎన్.ఎఫ్. అనే వాపు కారకాన్ని అడ్డుకునే అడాలిముమాబ్ వంటివాటిది రెండోది. ఈ రెండో రకం వల్ల లోపల నిద్రపోతున్న క్షయ మళ్ళీ లేచే ప్రమాదం ఉంది. అందుకే మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష చేస్తారు. ఇంటి దగ్గర పెద్దవాళ్ళకి ఇలాంటి మందు రాస్తే, ఆ పరీక్ష అయిందో లేదో ఫోను చేసి కనుక్కోవటం మనం ఇక్కడి నుంచి చెయ్యగలిగిన పని.

సకాగుచి పని చూపించే దారి వేరు. మొత్తాన్ని అణిచే బదులు, శరీరంలో ఉన్న నియంత్రక కణాలకే బలమివ్వటం. ఇంటర్‌లూకిన్-2ని చాలా తక్కువ మోతాదులో ఇస్తే అది ముందుగా వాటికే అందుతుంది. రోగి నుంచి ఆ కణాలని తీసి, ప్రయోగశాలలో పెంచి, తిరిగి ఎక్కించటం ఇంకొక పద్ధతి. ఈ రెండూ మనుషుల మీద ప్రయోగ దశలో ఉన్నాయి. చిక్కులూ ఉన్నాయి. వాపు ఉన్న చోట కొన్ని నియంత్రక కణాలు ఫాక్స్‌పి3ని పోగొట్టుకుని దాడి చేసే పక్షానికి మారిపోవచ్చన్నది అందులో పెద్దది.

కాబట్టి మా అత్తయ్య చేతికి ఈ వైద్యం రేపే అందదు. అందాకా ఆవిడ వేసుకునే మాత్ర ఏ తలుపు మూస్తోందో, ఎందుకు మూస్తోందో ఆవిడకి అర్థమయేలా చెప్పటం నా వంతు. మీ ఇంట్లోనూ అలాంటి మాత్రలు వేసుకునే వాళ్ళుంటే, వచ్చే ఆదివారం ఫోనులో మీరూ ప్రయత్నించి చూడండి.