హార్డ్విక్ మందిరము

ఇంగ్లండు దేశమున డర్బీషైరు మండలములో, ఒక కొండకొమ్మున రెండు మేడలు ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. ఒకటి పైకప్పులేని శిథిలము. రెండవది హార్డ్విక్ మందిరము. రెంటిని కట్టించినది ఒక్క స్త్రీయే. ఆమె పేరు ఎలిజబెత్. జనులు బెస్ అని పిలుచుచుండిరి. ఆ కొండపైననే ఒక సామాన్య భూస్వామి యింట జన్మించి, నాలుగుమారులు పెండ్లాడి, ష్రూస్‌బరీ ప్రభువునకు భార్యయై, రాణి తరువాత అంతటి ధనికురాలు లేదనిపించుకొన్నది. నాలుగవ భర్త మరణించిన 1590లో, అరువదియేండ్లు దాటిన వయస్సున, ఆమె ఈ క్రొత్త మేడకు పూనుకొనెను. 1597లో అందు ప్రవేశించెను.

దీని రూపము నిర్ణయించినవాడు రాబర్ట్ స్మిత్‌సన్ అని పండితుల అభిప్రాయము. అతడు మొదట రాతిపనివాడు. పూర్వము ప్రభువుల యిండ్లు శత్రుభయముచే మందపు గోడలతో, ఇరుకు కిటికీలతో ఉండెడివి. ఇచ్చట గోడకంటె గాజే ఎక్కువగా కనబడును. ఆ కాలమున గాజు మిక్కిలి ఖరీదైనది. కావున కిటికీయే సంపదకు చాటింపు. మరి ఇన్ని కిటికీలు తెరచినచో గోడలు బలహీనపడవా? పొగగొట్టములను వెలుపలి గోడలలోగాక లోపలి గోడలలో ఇమిడ్చుటయే ఇందలి నేర్పు. అందుచే వెలుపలి గోడలు కిటికీలకు దక్కినవి.

మరియొక వింత: పైకి పోయిన కొలది అంతస్తుల యెత్తు పెరుగును. క్రింద సేవకులు, నడుమ యజమానురాలు, మీద రాజోచితములైన గదులు. విశాలమైన రాతిమెట్లు మెలికలు తిరుగుచు అచ్చటికి చేర్చును. ఇంచుమించు 50 మీటర్ల పొడవుగల చిత్రశాల అచ్చటనే కలదు. ఆరు బురుజుల శిఖరములందు బెస్ పేరి తొలి అక్షరములు రాతిలో చెక్కబడియున్నవి. వినయము ఆమె గుణములలో చేరినది కాదు.

వెలుగు వచ్చిన దారినే చలియు వచ్చెను. 1601లో వ్రాయించిన సామానుల పట్టికలో ఆమె పడకగదిలోని కంబళ్లు, తెరలు అనేకములు కనబడును. సింహాసనమునకు హక్కుగల మనుమరాలు ఆర్బెల్లాను ఆమె ఈ మేడలోనే కనుపెట్టి ఉంచెను. దేశమంతయు కానవచ్చు కిటికీలు. గడప దాటుటకు మాత్రము స్వేచ్ఛ లేదు. 1603లో ఆ యువతి తప్పించుకొనిపోవ యత్నించి విఫలురాలయ్యెను.

మేడకు వాడిన ఇసుకరాయి ఆ ప్రదేశముననే త్రవ్వి తీసినది. చెక్కుటకు సులభమే గాని వానకు, గాలికి అరుగును. 1959 నుండి ఈ మందిరము నేషనల్ ట్రస్టు అను సంస్థ రక్షణలో నున్నది. అరిగిన రాయిని తొలగించి, క్రొత్తరాయిని అదే కొలతకు చెక్కి అమర్చుపని రాతిపనివారికి తప్పుటలేదు.