గోధుమ మానిన పిల్లలకు రక్తపరీక్ష ఎందుకు?



సీలియాక్ వ్యాధి ఉన్న పిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "డాక్టరు గారూ, గోధుమలు మాన్పించాము, బాబు బాగానే ఉన్నాడు. ఇంకా సూది గుచ్చి రక్తం తీయడం ఎందుకండీ?" ఇది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబే ఈ పాఠం.

వ్యాధి ఏమిటి?

గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. ఈ వ్యాధి ఉన్నవారు దానిని తిన్నప్పుడు శరీరంలోని రక్షణ శక్తి తమ చిన్నప్రేగునే దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు, కడుపు ఉబ్బరం, రక్తహీనత, ఎత్తు పెరగకపోవడం దీని లక్షణాలు. కొందరు పిల్లలలో ఏ లక్షణమూ కనిపించదు. గోధుమ మానితే ఈ పిల్లలు కోలుకుంటారని నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె 1950లో తన పరిశోధనలో చూపించారు. నేటికీ చికిత్స జీవితాంతపు పథ్యమే. ఈ వ్యాధి ఉత్తరాదిలో ఎక్కువ, అన్నం తినే మన దక్షిణాదిలో తక్కువ. అంతమాత్రాన మనకు రాదని అనుకోకూడదు.

పరీక్ష ఏమి చెబుతుంది?

టి.టి.జి. ఐజిఎ అనే పరీక్ష ఈ వ్యాధిలో తయారయ్యే యాంటీబాడీలను కొలుస్తుంది. పథ్యం సరిగా సాగితే ఆ అంకె క్రమంగా తగ్గుతుంది. మొదట చాలా ఎక్కువగా ఉన్న పిల్లలలో మామూలు స్థాయికి రావడానికి ఏడాది, రెండేళ్ళు పట్టవచ్చు. కాబట్టి మొదటి రిపోర్టు చూసి నిరాశపడవద్దు. అంకె తగ్గుతున్నదా లేదా అన్నదే ముఖ్యం.

ఎప్పుడెప్పుడు చేయించాలి?

1. పథ్యం మొదలైన 3 నుండి 6 నెలలకు మొదటిసారి.
2. అంకె మామూలు స్థాయికి వచ్చేవరకు 6 నెలలకొకసారి.
3. ఆ తరువాత ఏడాదికి లేదా రెండేళ్ళకొకసారి.

దీనికి పరగడుపున రానక్కరలేదు. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించండి. ల్యాబును బట్టి కొలతలు మారుతాయి గనుక పోల్చడం కష్టం. పాత రిపోర్టులు దాచి తీసుకురండి. అవసరాన్ని బట్టి హిమోగ్లోబిన్, ఫెరిటిన్, విటమిన్ డి, థైరాయిడ్ కూడా చూస్తాము. ఎత్తు, బరువు ప్రతిసారీ చూస్తాము.

అంకె తగ్గకపోతే?

బిడ్డను తిట్టవద్దు, కొట్టవద్దు. ముందు వంటిల్లు చూడండి. బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా, బిస్కెట్లు, రస్కులు, మాల్ట్ కలిపిన పాలపొడులు అన్నీ నిషిద్ధమే. కూటు ఇంగువలో తరచుగా గోధుమపిండి కలుపుతారు. గోధుమలు ఆడిన మరలోనే బియ్యం, శనగలు పట్టిస్తే పిండిలో గోధుమ కలుస్తుంది. బియ్యం, రాగి, జొన్న, సజ్జ, కొర్ర, మొక్కజొన్న, పప్పులు, పాలు, గుడ్లు, మాంసం నిశ్చింతగా పెట్టవచ్చు.

ఇంకొక మాట. అంకె మామూలుగా ఉన్నంతమాత్రాన పొరపాట్లు లేవని కాదు. అప్పుడప్పుడు తిన్న చిన్న ముక్క ఈ పరీక్షకు దొరకకపోవచ్చు. అందుకే ఏమి తిన్నాడో నిజం చెప్పమని బిడ్డను ప్రేమతో అడగండి. భయపడిన బిడ్డ దాచుకొని తింటాడు.

వద్దు అనేవి రెండు

వ్యాధి ఉన్నదేమోనన్న అనుమానంతో పరీక్షకు ముందే గోధుమలు మాన్పించవద్దు, ఫలితం తప్పుగా రావచ్చు. తోబుట్టువులకు పరీక్ష చేయించేటప్పుడు కూడా ఇంతే. రెండవది, "తగ్గిపోయింది కదా" అని పథ్యం విడువవద్దు. ముఖ్యంగా యౌవనంలోకి వచ్చిన పిల్లలు స్నేహితులతో తిరుగుతూ విడిచిపెడతారు. పైకి ఆరోగ్యంగా కనిపించినా లోపల ప్రేగు మళ్ళీ దెబ్బతింటుంది, ఎముకలు బలహీనపడతాయి.

సంఘ కుటుంబాలకు

సండేస్కూలులో బిస్కెట్లు, క్రిస్మస్‌కు కేకు పంచేటప్పుడు ఈ బిడ్డకు అరటిపండో, వేరుశనగ ఉండో ఉంచండి. "ఒక్క ముక్కకేమౌతుంది" అని బలవంతపెట్టవద్దు. ప్రభు బల్లలో పాలుపొందే వయస్సు వచ్చినవారి తల్లిదండ్రులు రొట్టె విషయమై ముందుగానే పాస్టరు గారితో మాట్లాడండి.

దేవుడు మనకు అప్పగించిన బిడ్డలు ఎదిగి బలము పొందాలి. ఏడాదికొక సూదిపోటు అందుకు చిన్న వెలే. రావలసిన తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకొని, బిడ్డను వెంటబెట్టుకొని రండి.