టెండరుకి ముందూ, తర్వాతా

చిలకలూరిపేట,
ఆదివారం.

చిరంజీవి బుజ్జికి,

నీ ఉత్తరం అందింది. ఒంగోలులో నీకు వీధిదీపాలు, మోటార్లు, బిల్డింగు సామాను కొనే ఫైళ్లు అప్పజెప్పారని అక్క ఫోనులో చెప్పినప్పుడే సంతోషించాను. "ఎల్‌-1కి (అందరికన్నా తక్కువ రేటు వేసినవాడికి) ఇచ్చేస్తే ఆడిట్ వాళ్లు అడగడానికి ఏమీ ఉండదు కదా మావయ్యా, ఇంతకు మించి బాధ్యతగా కొనడమంటే ఏమిటి?" అని రాశావు. ఆడిట్ అడగదన్నది నిజమే. కానీ మున్సిపల్ ఇంజనీరింగులో ఉన్నన్నాళ్లూ నేను గమనించింది ఒకటుంది. అందరి కళ్లూ టెండరు తెరిచే రోజు మీదే ఉంటాయి. అసలు పని కొంత ఆ రోజుకి ముందూ, చాలా తర్వాతా ఉంటుంది.

ఆ ఒక్క రోజు సంగతి మన రాష్ట్రం చాలావరకు చక్కదిద్దింది. ఒకప్పుడు టెండరు పెట్టె దగ్గర మనుషుల్ని కాపలా పెట్టి, కుమ్మక్కైన కాంట్రాక్టర్ల రింగులో లేనివాణ్ణి కవరు వెయ్యనిచ్చేవాళ్లు కాదు. 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టాక ఆ దౌర్జన్యం తగ్గింది. 2016లో కేంద్రం జెమ్ అనే కొనుగోళ్ల పోర్టల్ తెచ్చింది. ఇప్పుడు కంప్యూటరు రేట్లను వరసలో పెట్టి చూపిస్తుంది. నువ్వు స్పెసిఫికేషన్‌లో ఏం రాశావో దానికి పట్టదు. రింగు కట్టదలిచినవాళ్లు ఇప్పుడు కన్నేసేది అక్కడే. "ఫలానా రకం లేదా దానికి సమానమైనది" అని మర్యాదగానే రాస్తారు. కింద బోల్టు రంధ్రాల మధ్య దూరం మిల్లీమీటర్లతో సహా ఒకే కంపెనీ కేటలాగు నుంచి దించేస్తారు. ఇక సమానమైనది ఎక్కడ దొరుకుతుంది? పాత ఫైలులోని స్పెసిఫికేషన్ నకలు చేసుకోమని సీనియర్లు చెబుతారు. చేసుకో, కానీ ప్రతి కొలత దగ్గరా ఇది ఎందుకు అవసరమో నీకు నువ్వే చెప్పుకోగలగాలి.

ఫ్యాన్ల లెక్క ఒకటి చెబుతాను. మామూలు సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 దాకా. కొత్తదానికి పదిహేను వందలు ఎక్కువ పెట్టాలనుకో. బడిలో రోజుకి 8 గంటల చొప్పున ఏడాదికి 220 రోజులు తిరిగితే మిగిలేది 79 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకుంటే ఐదు వందల యాభై చిల్లర. ఎక్కువ పెట్టిన సొమ్ము తిరిగి రావడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. అదే ఫ్యాను ఆసుపత్రి వార్డులో రోజుకి 18 గంటలు, 300 రోజులు తిరిగితే 243 యూనిట్లు, అంటే 1,700 రూపాయలు మిగులుతాయి. ఏడాది నిండకముందే సొమ్ము చేతికొస్తుంది. ఏడాదికి పది పెళ్లిళ్లు జరిగే కమ్యూనిటీ హాలుకైతే పాత రకమే చాలు. కేంద్రం 2017లో సవరించిన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో, నోటిఫై చేసిన కరెంటు ఉపకరణాలు కొనేటప్పుడు బీఈఈ స్టార్ రేటింగు చూడాలని ఉంది. సీలింగు ఫ్యాన్లకి 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. మంచిదే. అయితే ఆ ఫ్యాను నీ బిల్డింగులో ఎన్ని గంటలు తిరుగుతుందో లేబుల్ చెప్పదు.

ఈ గంటలు ఎవరూ లెక్కపెట్టకపోవడం తెలివిలేక కాదు. సామాను కొనే డబ్బు ఒక పద్దు, కరెంటు బిల్లు ఇంకో పద్దు. చవగ్గా కొన్నవాడికి ఈ ఏడాదే పేరొస్తుంది. బిల్లు కట్టేది ఇంకో సీటు, ఇంకో ఏడాది, ఒక్కోసారి ఇంకో శాఖ. మీ ఒంగోలు సంగతే చూడు. సాగర్ కుడి కాలువ నీళ్లు సమ్మర్ స్టోరేజీ చెరువుల్లోకి పట్టి, అక్కణ్ణించి ఊరికి ఎత్తిపోయాలి. 50 హార్స్‌పవర్ మోటారు రోజుకి 16 గంటలు, ఏడాదికి 350 రోజులు నడిచిందనుకో. 90 శాతం సామర్థ్యమున్న మోటారుకీ 94 శాతం ఉన్నదానికీ ఏటా 9,800 యూనిట్ల తేడా వస్తుంది. రూపాయల్లో అరవై ఎనిమిది వేలు దాటుతుంది. మోటారు ధరలో తేడా ఎంతో కనుక్కుని పక్కన రాసి చూడు. అందుకే ఎస్టిమేటు నోటులోనే ఐదేళ్ల కరెంటు ఖర్చు కూడా కలిపి రేటు పోలుస్తామని రాయించుకో. ఆ షరతు టెండరు పిలిచే ముందే అందరికీ తెలిసేలా పెట్టాలి. కవర్లు తెరిచాక పెట్టావంటే ఎవరికో మేలు చేయడానికే అంటారు, అనడం న్యాయమే.

బల్బుల విషయంలో మన పాత గుంటూరు జిల్లా ముందు వరసలో ఉంది. 2014 అక్టోబరులో గుంటూరు, అనంతపురం, పశ్చిమగోదావరి, శ్రీకాకుళం జిల్లాల్లో ఎల్‌ఈడీ పథకం మొదలైంది. పాత బల్బులు తెచ్చిస్తే ఒక్కోటి పది రూపాయలకే ఎల్‌ఈడీ బల్బులు ఇంటికి రెండేసి ఇచ్చారు. అదే తర్వాత ఉజాలా పేరుతో దేశమంతా పాకింది. ఈ పథకానికి కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ 2014 మొదట్లో ఒక్కో బల్బు 310 రూపాయలకి కొంది. 2016లో ఆ ధర 38కి దిగింది. ప్రపంచంలో చిప్‌ల ధర పడిపోవడం కొంత కలిసొచ్చింది, ఘనతంతా టెండరుకే కట్టబెట్టలేం. కానీ రాష్ట్రాల అవసరాలన్నీ ఒక్కచోట చేర్చి, ఒకే స్పెసిఫికేషన్ పెట్టి, గ్యారంటీ రాయించుకుని కోట్ల సంఖ్యలో ఆర్డరు పెట్టకపోతే ఆ ధర వచ్చేది కాదు. మీ కార్పొరేషన్ ఒక్కటే ఐదు వందల బల్బులకి కొటేషన్లు పిలిస్తే ఆ బేరం ఎవరిస్తారు?

అలాగని అన్నీ పైనుంచి కొనడం కూడా పనికిరాదు. 2019 నవంబరు 14న మీ ఒంగోలులోనే మొదలైన నాడు-నేడు బడుల పనుల్లో ఫ్యాన్లు, బెంచీల్లాంటివి రాష్ట్రస్థాయిలో కొన్నారు. పనులు చేయించడం మాత్రం బడి తల్లిదండ్రుల కమిటీలకి ఇచ్చారు. ఆ పంపకం నాకు నచ్చింది. ఫ్యాను ఏ ఊళ్లోనైనా ఒకటే. ఇసుకలో మట్టి ఎంత కలిసిందో, మేస్త్రీ నేల సరిగ్గా తడిపాడో లేదో విజయవాడలో కూర్చున్నవాడికి కనపడదు.

ఇక టెండరు తర్వాతి సంగతి. గుంటూరు మిరప యార్డులో వ్యాపారి బస్తా పైనున్న కాయ చూసి రేటు కట్టడం ఎప్పుడైనా చూశావా? లోపలికి చెయ్యిపెట్టి తీస్తాడు, విరుస్తాడు, తాలుకాయ ఎంతుందో, తేమ ఎంతుందో వేళ్లతోనే తేల్చేస్తాడు. మన స్టోరుకి లారీ వచ్చినప్పుడు మాత్రం పైపెట్టె విప్పి, సంఖ్య సరిపోయిందని సంతకం పెట్టేస్తాం. ఒక మున్సిపాలిటీలో కొత్త వీధిదీపాలు మొదటి వానాకాలానికే వీధులకి వీధులు ఆరిపోయాయి. వాట్లు, వెలుతురు అన్నీ స్పెసిఫికేషన్‌లో ఉన్నాయి. పిడుగులు, వోల్టేజీ ఎగుడుదిగుళ్లు తట్టుకునే సర్జ్ రక్షణ గురించి ఒక్క ముక్క లేదు. సరఫరాదారు నువ్వడిగిందే ఇచ్చానన్నాడు. ఆ మాటకి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఏ పెట్టె తెరవాలో నువ్వే ఎంచు, లారీతో వచ్చిన మనిషి చూపించిన పెట్టె కాదు. శాంపిలు ల్యాబుకి పంపు. రిపోర్టు రాకుండా ఎం-బుక్ (కొలతల పుస్తకం) రాయకు.

ఇదంతా మనం గట్టిగా ఉండి అమ్మేవాణ్ణి పట్టుకునే సంగతి. మన నల్లరేగడి నేలల్లో ప్రభుత్వం చేసే పెద్ద కొనుగోలు ఒకటి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) కొనే పత్తి గురించి చెబుతున్నాను. అక్కడ అమ్మేవాడు రైతు, వాడే బలహీనుడు. తక్కువకి కొన్నామని గొప్పలు పోయే చోటు కాదది. 2025-26కి పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకి 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే దాటిన ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం కోస్తారు. 12 దాటితే అసలు తీసుకోరు. అంటే మీటరు ముల్లు ఒక్క గీత పైకి జరిగితే ఇరవై క్వింటాళ్ల ట్రాక్టరు మీద పదహారు వందలు పోతాయి. పరికరం కొనేవాడి చేతిలో, ట్రాక్టరు అమ్మేవాడి అప్పులో ఉంటుంది. పత్తి మొదటి తీత మన వైపు తుపాన్ల కాలంలోనే వస్తుంది. మంచులో తీసిన పత్తికీ, ఎండ కాసి తీసిన పత్తికీ ముల్లు వేరువేరు చోట్ల ఆగుతుంది. మీటరు సరిచూసిన తేదీ గోడమీద రాసి పెట్టి, రైతు కళ్లెదుటే రెండు మూడు చోట్ల గుచ్చి చూపిస్తే సగం తగాదాలు ఉండవు.

ఇంకో వైపు మోసం కూడా ఉంది, దాచను. 2014-15 సీజన్‌లో గుంటూరు వైపు రైతుల పేరుతో వ్యాపారులే సీసీఐకి పత్తి అమ్ముకున్నారన్న ఆరోపణల మీద సీబీఐ దాకా వెళ్లింది వ్యవహారం. పల్లెలో చవగ్గా కొని, కేంద్రంలో మద్దతు ధరకి అమ్ముకోవడమన్నమాట. మంచి ధర పెట్టి ఊరుకుంటే చాలదు, ఆ ధర ఎవరి ఖాతాలో పడిందో కూడా కొన్న శాఖే చూడాలి.

ఆలస్యం కూడా ఒక రకం అన్యాయమే. 2017లో మిరప ధర పడిపోయినప్పుడు కేంద్రం క్వింటాలు 5,000 రూపాయలకి 88,300 టన్నులు కొంటామని పథకం ఇచ్చింది. వచ్చింది మే నెలలో. మిరప యార్డుకి ఫిబ్రవరి నుంచే బస్తాలు వెల్లువెత్తుతాయి. కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోగలిగినవాడు ఆగాడు, కూలీలకి బాకీపడ్డవాడు అప్పటికే అమ్ముకున్నాడు.

డబ్బు చెల్లింపు గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే. 2019 జులైలో మన రాష్ట్రం పాత గాలి, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు మరీ ఎక్కువని, తిరిగి బేరమాడటానికి ఉన్నతస్థాయి కమిటీ వేసింది. యూనిట్ గాలి కరెంటుకి 2.43 రూపాయలు, సౌర కరెంటుకి 2.44 దగ్గర ఆగుదామంది. వ్యవహారం కోర్టుకెక్కింది. చివరికి 2022 మార్చిలో హైకోర్టు డివిజన్ బెంచి ఒప్పందంలో రాసుకున్న ధరే కట్టాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని చెప్పింది. పాత ధరలు ఎక్కువన్న మాట వట్టిది కాదు. 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కు వేలంలోనే యూనిట్ 3.15 పలికింది. అయితే ఆ అనుమానం సంతకానికి ముందు రావాలి. సంతకం చేశాక బిల్లు ఆపితే తర్వాత టెండరు వేసే ప్రతివాడూ ఆ భయాన్ని రేటులో కలుపుతాడు. మీ కార్పొరేషన్లో చిన్న కాంట్రాక్టరుకీ ఇదే లెక్క. బిల్లు ఏడాది ఆగుతుందని తెలిసినవాడు వడ్డీ ముందే వేసుకుంటాడు, లేకపోతే సిమెంటు తగ్గిస్తాడు.

ఒప్పందం ఎన్నాళ్లన్నదీ చూసుకోవాలి. పత్తి తీతలయ్యాక మన చేలల్లో కట్టె గట్టున పడేసి తగలబెట్టడం నువ్వెరిగిందే. థర్మల్ స్టేషన్లలో బొగ్గుతో పాటు ఇలాంటి వ్యర్థాల పెల్లెట్లు 5 శాతం కాల్చాలని 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ విధానం తెచ్చింది. అందులో నాకు నచ్చింది, కొనే ఒప్పందం కనీసం ఏడేళ్లు ఉండాలనడం. ఒక్క ఏడాది ఆర్డరు నమ్మి పెల్లెట్ మిషను పెట్టేవాడు నరసరావుపేటలో ఉండడు, అద్దంకిలోనూ ఉండడు.

ఇటుకల గురించి అడిగావు, దానికి పెద్ద చర్చ అక్కర్లేదు. మన నల్లమట్టి ఎండితే బీటలిస్తుంది, ఇటుకకి పనికిరాదు. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ స్టేషన్ బూడిద మనకి దగ్గర. బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండానే ఇటుక చేసే ఫాల్-జి పద్ధతి విశాఖపట్నంలోని ఇన్‌స్వారెబ్‌లో భానుమతిదాస్, కాళిదాస్ రూపొందించిందే. థర్మల్ స్టేషన్ల చుట్టుపక్కల కట్టడాల్లో బూడిద సరుకులు వాడాలని 1999 నుంచి కేంద్ర నోటిఫికేషన్లు ఉన్నాయి. 2016లో ఆ దూరాన్ని 300 కిలోమీటర్లు చేశారు కాబట్టి ఒంగోలు కూడా దాని కిందికే వస్తుంది. బలం పరీక్ష, నీళ్లు పీల్చే పరీక్ష చేయించు. కొందరు సరిగ్గా నీళ్లు పట్టకుండానే లారీ ఎక్కిస్తారు. అలాంటి ఇటుక మూలలు చేతిలోనే రాలిపోతాయి.

చివరగా, మోటార్ల స్పెసిఫికేషన్ డ్రాఫ్టు పంపుతాను, చూసి పెట్టమన్నావు. నాకు పంపకు. నేను రిటైరైనవాణ్ణి, బయటివాణ్ణి. పైగా పేటలో నన్ను కలవడానికి వచ్చేవాళ్లలో కాంట్రాక్టర్లు కూడా ఉంటారు. పోర్టల్‌లో పెట్టాక అందరితోపాటు నేనూ చూస్తాను. ప్రీ-బిడ్ మీటింగు లోపు తప్పు ఏదైనా కనపడితే రాతపూర్వకంగా మీ కమిషనర్‌కే పంపుతాను, నీకు కాదు. నువ్వు మాత్రం ఇప్పుడున్న పంపుల్లో ఒక్కోదాని నీటి రీడింగూ కరెంటు రీడింగూ వారం రోజులు ఒకే వేళకి తీయించి ఫైలులో పెట్టుకో. అవి లేకుండా కొత్త మోటారు ఎంత ఆదా చేస్తుందో ఎవరూ చెప్పలేరు.

మీ అత్తయ్య నిన్ను అడిగినట్టు రాయమంది.

ఆశీస్సులతో,
మీ మావయ్య