పప్పు మానకండి, కూర పెంచండి

మా ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి నెల రోజులుగా బాక్సులో కీరా ముక్కలు, బొప్పాయి తప్ప ఇంకేమీ తెచ్చుకోవడం లేదు. అన్నం, పప్పు, గుడ్డు అన్నీ ‘ఆమ్లం’ అని ఫోన్లో వచ్చిన జాబితా చూసి మానేసింది. సాయంత్రం నాలుగయ్యేసరికి నీరసంతో బల్ల మీద తల వాల్చేస్తోంది. ఆమెకు చెప్పిన మాటలే మీకూ చెబుతున్నాను.

ఇలా ‘ఆమ్లం’ అనే తిండి మానేసే ఆల్కలైన్ డైట్‌తో రక్తంలో ఆమ్లం తగ్గిపోతుందని చాలామంది నమ్మకం. తగ్గదు. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తం పీహెచ్ 7.35, 7.45 మధ్యే ఉంటుంది. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు రాత్రింబవళ్లు ఆ పనిలోనే ఉంటాయి. తిండిని బట్టి మారేది మూత్రం పీహెచ్. అందుకే మూత్రం పరీక్షించే స్ట్రిప్పు రంగు చూసి బెంబేలు పడొద్దు, ఖరీదైన ఆల్కలైన్ నీళ్ల సీసాలూ కొనొద్దు. ఈ డైట్‌కు బాగా పేరు తెచ్చిన ‘పీహెచ్ మిరకిల్’ పుస్తక రచయిత రాబర్ట్ యంగ్‌కు, లైసెన్సు లేకుండా వైద్యం చేసినందుకు 2017లో కాలిఫోర్నియాలో జైలుశిక్ష పడింది. ఈ డైట్‌తో క్యాన్సర్ పోతుందని ఎవరైనా చెబితే నమ్మి మందులు ఆపకండి.

అయినా ఇందులో తీసుకోవలసింది ఒకటుంది: ఆకుకూరలు, కాయగూరలు, పండ్లు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంటోంది. మన క్యారేజీ విప్పితే ఏముంటుంది? అన్నం గుట్ట, మూలన ఇంత వేపుడు, పైన ఆవకాయ. ముందు గిన్నెలు మార్చండి. అన్నం పెట్టే పెద్ద గిన్నెలో సొరకాయో బీరకాయో పెట్టి, కూర గిన్నెలో అన్నం సర్దండి. పప్పు ఉండాల్సిందే, అందులో గుప్పెడు తోటకూర వేస్తే రెండు పనులూ అవుతాయి. పొద్దున్నే బస్సు అందుకోవాలంటే కూరలు రాత్రే తరిగి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఇక మీటింగు మీటింగుకీ టీ, బిస్కెట్లా? ఒక పూటైనా జామకాయ, గుప్పెడు పల్లీలు తినండి. నిమ్మకాయ పుల్లగా ఉన్నా ఆ ఆమ్లాన్ని శరీరం వాడేసుకుంటుంది, కాబట్టి పులుపని పులిహోర మానేయక్కర్లేదు. పెరుగూ మానొద్దు. ఎముకలకు కాల్షియం, కండకు మాంసకృత్తులు అందులోనే ఉన్నాయి.

వంటసోడా కలిపిన నీళ్లు రోజూ తాగమని చెబితే మాత్రం వినకండి. అందులో సోడియం ఎక్కువ, బీపీ ఉన్నవారికి మరీ చేటు. కిడ్నీ జబ్బు ఉన్నా, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడుతున్నా ఆకుకూరలు, పండ్లతో రక్తంలో పొటాషియం పెరిగి గుండెకు ప్రమాదం రావచ్చు. అలాంటివారు ఎంత తినాలో డాక్టరును అడిగాకే కూర గిన్నె పెంచాలి.