విత్తన నష్టమునకు పరిహారము : జిల్లా వినియోగదారుల కమిషన్, దానిపై అప్పీలు

కోదాడ చుట్టుప్రక్కల సాగరు ఎడమ కాలువ క్రింద వరి నాటు రైతులు ఒక్కొక్క సంవత్సరము ఎదుర్కొను చిక్కు ఇది. చేను పొట్టదశకు వచ్చువరకు అంతయు సక్రమముగనే యుండును. ఆపై కొన్ని దుబ్బులు ముందుగా ఈని గింజ పాలు పోసుకొనుచుండగా, ప్రక్క దుబ్బులు ఇంకను పొట్టతోనే నిలిచియుండును. అక్కడక్కడ కేళీలు తలలెత్తి కనబడును. రైతు దుకాణమునకు పరుగెత్తును. దుకాణదారుడు కంపెనీని చూపును, కంపెనీ ప్రతినిధి వాతావరణమును చూపును. చివరకు రైతు వ్యవసాయ కార్యాలయమునకు వచ్చి, "నష్టము ఇప్పించండి" అని అడుగును.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పవలసియున్నది. నష్టము ఇప్పించు అధికారము మా శాఖకు లేదు. 1966 విత్తనముల చట్టము క్రింద విత్తన తనిఖీ అధికారి నమూనా తీయవచ్చును, అమ్మకము ఆపించవచ్చును, కోర్టులో అభియోగము పెట్టవచ్చును. నేరము రుజువైనను ఆ చట్టములో మొదటి తప్పునకు విధించిన జుల్మానా 500 రూపాయలకు మించలేదు. అదియును సర్కారుకు చేరునే గాని రైతు చేతికి రాదు. పరిహారము కావలెనన్న రైతు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవలెను.

"మేము సేద్యగాండ్రము గదా, వినియోగదారులము ఎట్లగుదుము?" అను సందేహము చాలమందికి కలదు. జాతీయ విత్తన సంస్థ ఈ వాదమునే సుప్రీంకోర్టు వరకు కొనిపోయినది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని వేర్వేరు జిల్లాల రైతులు ఆ సంస్థ విత్తనము వలన పంట దెబ్బతిన్నదని జిల్లా ఫోరములలో ఫిర్యాదు చేసి గెలిచిరి. సంస్థ పైకి పోయినది; రాష్ట్ర కమిషన్‌లోను, జాతీయ కమిషన్‌లోను ఓడినది. విత్తనములకు వేరుగా చట్టమున్నది గనుక వినియోగదారుల ఫోరము చేయి పెట్టరాదనియు, ఒప్పందముపై విత్తనము పండించిన రైతు వ్యాపారియే గాని వినియోగదారుడు కాడనియు, ప్రయోగశాల పరీక్ష లేకుండ విత్తనము చెడ్డదని తేల్చరాదనియు వాదించినది. 2012 జనవరి 16న సుప్రీంకోర్టు ఈ వాదములన్నిటిని త్రోసివేసినది. విత్తనముల చట్టములో రైతుకు పరిహారమిచ్చు ఏర్పాటే లేదని గుర్తించినది. కొన్న విత్తనమంతయు రైతు చల్లుకొనునే గాని పరీక్ష కొరకు కొంత దాచిపెట్టునని ఆశింపరాదని చెప్పినది.

ఈ తీర్పు చూచి ఫిర్యాదు వేసిన ప్రతివాడును గెలుచునని మాత్రము అనుకొనరాదు. ఆ కేసులలో రైతుల పక్షమున వ్యవసాయ నిపుణుల నివేదికలు ఉన్నవి. దిగుబడి తగ్గినదని చెప్పినంత మాత్రమున విత్తనము చెడ్డదని రుజువు కాదు. నీరు చాలకపోవుట, నారు ముదురుట, చౌడు, తెగులు, అకాల వర్షము - వీనిలో ఏదైనను దిగుబడిని తగ్గించును. ఎదుటి వకీలు మొట్టమొదట పట్టుకొనునది ఇదియే.

కావున చేను నిలిచియుండగనే సాక్ష్యము కూడబెట్టవలెను. బిల్లు మీద రకము పేరు, లాటు నెంబరు, తేదీ ఉండవలెను. ఊరికే కాగితముపై అంకెలు గిలికి ఇచ్చిన చీటీ పనికిరాదు. అప్పుగా తెచ్చినను బిల్లు అడిగి తీరవలెను. సంచిని, దానికి కుట్టిన చీటీని పారవేయరాదు. ధ్రువీకరించిన విత్తనమునకు నీలిరంగు చీటీ యుండును. దానికి వరిలో మొలక శాతము 80కి, స్వచ్ఛమైన విత్తనము 98 శాతమునకు తగ్గరాదను నియమమున్నది. కోర్టు ఆశింపకున్నను పిడికెడు విత్తనము సంచిలోనే మిగిల్చి కట్టిపెట్టుట మంచిదని నా సలహా. ప్రక్క రైతు వేరు లాటు నాటియున్నచో అతని చేనును కూడ అధికారికి చూపవలెను. ఒకే నీరు, ఒకే నేల, ఒకే వాన తిన్న రెండు చేలలో ఒకటి చక్కగ పండి రెండవది చెడినచో వాతావరణము మీద నెపము వేయుట కంపెనీకి కష్టమగును.

లోపము కనబడిన వెంటనే మండల వ్యవసాయాధికారికి వ్రాతమూలముగ తెలిపి, రసీదు పుచ్చుకొనవలెను. తనిఖీ నాడు దుకాణదారునికిని, కంపెనీకిని ముందుగా కబురు చేయించవలెను. వారి పరోక్షమున వ్రాసిన నివేదికను తరువాత తప్పుపట్టుట సులభము. నివేదికలో "పంట నష్టమైనది" అని ఒక్క వాక్యము వ్రాసిన ప్రయోజనము లేదు. ఇది మా శాఖవారు కూడ గమనింపవలసిన విషయము. చేనిలో ఎన్నిచోట్ల చదరపు మీటరు చొప్పున లెక్కించినారు, ఎన్ని మొక్కలలో ఎన్ని కేళీలు, ముందుగా ఈనినవెన్ని, తెగులు ఉన్నదా లేదా, ఎరువులు ఏవి వేసినారు - ఇవి అంకెలతో ఉండవలెను. కృషి విజ్ఞాన కేంద్రము శాస్త్రవేత్త కూడ వచ్చి సంతకము చేసినచో బలము హెచ్చును. గ్రామాధికారులు పంచనామాలో సర్వే నెంబరును, నాటిన విస్తీర్ణమును సరిగా వ్రాయింపవలెను. బిల్లులోని విత్తనమునకును, చెప్పిన ఎకరములకును పొత్తు కుదరక చెడిన ఫిర్యాదులు ఉన్నవి.

ఫిర్యాదు వేయుట

ఇప్పుడు అమలునందున్నది 2019 చట్టము. ఇది 2020 జులై 20 నుండి వచ్చినది. కొన్న వస్తువునకు చెల్లించిన వెల 50 లక్షలు దాటనంతవరకు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవలెను. ఇక్కడ చూచునది చెల్లించిన వెలయే గాని అడుగు పరిహారము కాదు. వెల 5 లక్షలలోపు అయినచో రుసుము లేదు.

ఒక రైతు 3 ఎకరములకు విత్తనము కొన్నాడనుకొందము. ఎకరమునకు 25 క్వింటాళ్లు రావలసినచోట 16 వచ్చినవి. తక్కువైన 27 క్వింటాళ్లను 2,300 రూపాయల చొప్పున కట్టిన 62,100 రూపాయలు. దీనిని, విత్తనపు వెలను, ఫిర్యాదు ఖర్చులను అడుగవచ్చును. పది లక్షలు అడిగిన ఒక లక్షయైనను రాకపోవునా అను ఆలోచన మంచిది కాదు. లెక్క చూపలేని సొమ్ము అడిగినచో, చూపగలిగిన సొమ్ము మీద కూడ అనుమానము కలుగును.

నష్టము తెలిసిన నాటినుండి రెండు సంవత్సరములలో ఫిర్యాదు వేయవలెను. అయితే అంతకాలము ఆగరాదు. లాటు అంతయు చెల్లిన పిదప ఒక సంవత్సరము గడిచినచో దాని నమూనాను పారవేయుటకు అమ్మకందారునకు విత్తనముల నియమములు వీలిచ్చుచున్నవి. ఆ లోపలనే ఫిర్యాదు వేసి, వారివద్ద నున్న నమూనాను తెప్పించి ప్రయోగశాలకు పంపవలెనని కమిషన్‌ను కోరవచ్చును.

అనంతగిరి వంటి సరిహద్దు మండలములవారికి ఒక సౌకర్యము కలదు. విత్తనము జగ్గయ్యపేటలో కొన్నను, కంపెనీ మరియొక రాష్ట్రములో ఉన్నను, రైతు తాను నివసించు ప్రాంతముపై అధికారముగల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చును. వకీలు తప్పనిసరి కాదు. దుకాణదారుని, కంపెనీని ఇద్దరిని ప్రతివాదులుగ చేర్చుట మేలు. ఎదుటివారు 30 దినములలో జవాబు ఇయ్యవలెను. మరి 15 దినముల గడువు దొరకవచ్చును, అంతకు మించి లేదు. పరీక్ష అవసరములేని కేసు 3 నెలలలో, అవసరమైనది 5 నెలలలో తేలవలెనని చట్టము చెప్పుచున్నది. వాస్తవమునకు ఇంతకంటె ఎక్కువ కాలము పట్టుటయే సామాన్యము.

అప్పీలు

తీర్పు నచ్చనివారు, రైతు గాని కంపెనీ గాని, ఉత్తరువు తేదీనుండి 45 దినములలో హైదరాబాదులోని రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసికొనవచ్చును. జాప్యమునకు తగిన కారణము చూపిన క్షమింతురు. కాని "నాట్ల పనిలో ఉంటిని" అనుట కారణముగ నిలుచునని నమ్మరాదు. సొమ్ము చెల్లింపవలసిన పక్షము అప్పీలు చేసినచో అందులో సగము ముందుగ కట్టవలెను. ఊరక కాలము గడుపుటకై అప్పీళ్లు వేయకుండ ఇది కొంత అడ్డుకొనును. పరిహారము చాలలేదని అప్పీలు చేయు రైతు ఏమియు కట్టనక్కరలేదు. అప్పీలులో క్రింది కమిషన్ ముందున్న కాగితములనే ముఖ్యముగ చూతురు గనుక, అక్కడ పెట్టని నివేదికను ఇక్కడ పెట్టబోయిన చిక్కు కలుగును. దానిపైన జాతీయ కమిషన్‌కు రెండవ అప్పీలు కలదు గాని, ముఖ్యమైన చట్ట ప్రశ్న ఉన్ననే దానిని విందురు.

లోక్ అదాలత్‌లో రాజీ పడుట వేరు. అక్కడ ఇచ్చిన అవార్డుపై అప్పీలు లేదు. ఖర్చు లేక త్వరగా తేలునన్నది నిజమే. అయినను రాసిన మొత్తము, చెల్లించు తేదీ చదివించుకొని, ఒప్పుదలయైననే సంతకము చేయవలెను.

గెలిచిన తరువాత కూడ కంపెనీ సొమ్ము ఇయ్యకున్నచో అదే కమిషన్‌లో అమలు దరఖాస్తు వేయవలెను. ఉత్తరువును సివిల్ కోర్టు డిక్రీ వలె అమలుపరతురు. పాటించనివారికి ఒక నెలకు తక్కువ గాకుండ మూడు సంవత్సరముల వరకు ఖైదు గాని, 25,000 రూపాయలకు తక్కువ గాకుండ లక్ష వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఈ దరఖాస్తుకు తీర్పు నకలు కావలెను గనుక, తీర్పు వచ్చిన నాడే ధ్రువీకరించిన నకలుకు అర్జీ పెట్టుకొనవలెను.