ముందు పట్టుకోనివ్వు, తర్వాత కొనిద్దువు

చెల్లెళ్ళారా,

ఆమధ్య ఒకరోజు పొద్దున్నే ప్రొద్దుటూరు దగ్గరి పల్లె నుంచి ఒక చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, మా పాప రైఫిల్ కొనీమని రెండు దినాల్నుంచి సరిగ్గా అన్నం తినకుండా కూచోనుండాది. వాళ్ళ నాయిన సరే అంటాండాడు. నాకు మాత్రం గుండెలు దడదడ కొట్టుకుంటాండాయి. నువ్వే ఏదన్నా చెప్పు" అంది.

పాప తొమ్మిదో తరగతి. బడిలో ఎన్‌సీసీ ఉంది. క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిల్ చేతికిచ్చి ఐదు తూటాలు కాల్పించారు. ఐదూ ఒక అగ్గిపెట్టె కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. హవల్దార్ సారు ఆ కాగితాన్ని అందరికీ చూపించాడు. అంతే, పిల్ల మనసు ఆ కాగితం మీదే ఉండిపోయింది.

ఆ తల్లి భయం నాకు తెలుసు. మన కర్నూలు, కడప జిల్లాల్లో పుట్టిన ఆడవాళ్ళకు రైఫిల్ అనే మాట వింటే ఆట గుర్తుకు రాదు. ఫ్యాక్షన్ పగల రోజుల్లో పొద్దుగూకితే తలుపులు బిగించుకున్న ఇళ్ళు గుర్తొస్తాయి. పెళ్ళైన ఏడాదికే తాళి తీసిన ఆడబిడ్డలు గుర్తొస్తారు. "ఇన్నేండ్లకు ఊరు సల్లబడింది. మళ్ళా ఆ ఇనుము నా ఇంట్లోకేనా" అని ఆమె అడిగితే నాకు వెంటనే బదులు రాలేదు. ఆ భయాన్ని తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు.

కానీ పాప అడుగుతున్నది వేరే వస్తువు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో మందుగుండు ఉండదు. గాలి ఒత్తిడితో అరగ్రాము బరువున్న సీసపు గుండు బయటికి వెళుతుంది. దాన్ని పెల్లెట్ అంటారు. టార్గెట్ కాగితం మీద నడిమి చుక్క, అంటే పది పాయింట్ల చుక్క, అర మిల్లీమీటరు. గసగసాల గింజ కంటే చిన్నది. అది ముప్ఫై మూడు అడుగుల దూరంలో ఉంటుంది. పోటీలో గంటంబావులో అరవై సార్లు ఆ గింజను వెతుక్కోవాలి. ఊపిరి, గుండె కొట్టుకోవడం, కాలి మడమ కదలిక, అన్నీ కాగితం మీద కనిపిస్తాయి. కోపంతో చేతికి తీసుకుంటే ఎనిమిది కూడా పడదు. పగ ఉన్నచోట ఈ ఆట సాగదమ్మా అని చెప్పాను ఆ చెల్లెలికి. అది నేను మనసారా నమ్మే మాట.

మన తెలుగు నేల మీద ఈ ఆటకు మంచి పేరే ఉంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 1997లో తండ్రి కొనిచ్చిన గన్‌తో బేగంపేటలో ఇంటి పెరట్లో సాధన మొదలుపెట్టాడు. 2003లో హైదరాబాదులోనే జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చాడు. హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్‌ది పిస్టల్. పదమూడేళ్ళకే 2018లో సీనియర్ జాతీయ ఛాంపియన్ అయింది. వినికిడి లేని ధనుష్ శ్రీకాంత్ డెఫ్లింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు, అతనిదీ హైదరాబాదే. ఎన్‌సీసీతో మొదలుపెట్టి 2002లో ప్రపంచ నంబర్ వన్ అయిన అంజలి భగవత్ కథ మీ ఆడపిల్లలకు తప్పకుండా చెప్పండి. ఇంకొకటి, 2018 నుంచి ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ సమానంగా అరవై షాట్లే. అంతకు ముందు మనకు నలభై.

ఇక అసలు విషయం, ఏ రైఫిల్ కొనాలి? నా జవాబు విని పాప అలిగింది కూడా. ఇప్పుడే ఏదీ కొనొద్దు అన్నాను.

ఎందుకంటే మా ఇంట్లో జరిగింది చెబుతా. మా చెల్లెలి కూతురికి కర్నూల్లో ఇలాగే ఆశ పుట్టినప్పుడు, పుట్టినరోజు దాటిపోతుందని తొందరపడి ఒక పట్టణంలో దుకాణానికి వెళ్ళాం. "ఇది చాలా పవర్ మేడమ్, అడవిపందినైనా పడేస్తుంది" అని చెప్పి, టెలిస్కోపు బిగించిన స్ప్రింగ్ రైఫిల్ ఇచ్చారు. పిల్లకు పన్నెండేళ్ళు. బ్యారెల్ వంచి స్ప్రింగ్ ఎక్కించాలంటే పొట్టకు ఆనించుకుని ఊపిరి బిగబట్టేది. ఐదారు సార్లకే చేతులు వణికేవి. మూడు నెలల తర్వాత ఒక కోచ్ దగ్గరికి తీసుకెళితే, పది మీటర్ల పోటీలో టెలిస్కోపుకు అనుమతే లేదని తెలిసింది. రైఫిల్ మంచం కిందికి వెళ్ళింది. పిల్ల మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. డబ్బు పోయినందుకు కాదు, ఆ పిల్ల ఉత్సాహం పోయినందుకు నాకు ఈరోజుకీ బాధ.

పవర్ అనే మాట దుకాణంలో వినపడితే లేచి వచ్చెయ్యండి. ఒలింపిక్స్‌లో వాడే మ్యాచ్ రైఫిల్ శక్తి ఏడున్నర జౌల్స్ దగ్గర ఉంటుంది. కాగితానికి చిల్లు పెట్టడానికి అది చాలు. చూడాల్సింది రైఫిల్ పిల్ల ఒంటికి సరిపోతుందా లేదా అన్నదే.

ఆ చెల్లెలికి ఎలా చెప్పానో మీకూ అలాగే చెబుతా. బావి నుంచి బిందెతో నీళ్ళు తెచ్చేటప్పుడు బరువు ఎక్కడ మోస్తాం? చేతి మీద కాదు, నడుం ఎముక మీద. చెయ్యి ఊరికే ఆసరా. నిలబడి కాల్చే రైఫిల్ కూడా అంతే. నడుం కొంచెం ముందుకు తోసి, ఎడమ మోచేతిని నడుం ఎముక మీద ఆనించి, ఆ చేతి మీద రైఫిల్ పెడతారు. బరువు ఎముకల గుండా నేలకు దిగాలి. కండతో మోస్తే పది నిమిషాలకే వణుకు. ఈ మాట చెప్పినప్పుడు ఫోన్ అవతల ఆమె మొదటిసారి తేలిగ్గా ఊపిరి తీసుకుంది. "బిందె మాదిరినా అక్కా? అట్లయితే మా పాపకు వస్తుందిలే" అంది.

అందుకే బరువు, పొడవు ముందు చూసుకోవాలి. నియమం ప్రకారం రైఫిల్ ఐదున్నర కిలోలు మించకూడదు. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లకు అంత బరువు అక్కర్లేదు, వెన్నుకు మంచిది కాదు. నాలుగు కిలోల చుట్టుపక్కల ఉంటే చాలు. పొడవు చూసే పద్ధతి తేలిక. మడమను, అంటే భుజానికి ఆనించే భాగాన్ని, మోచేతి మడతలో పెట్టుకుని చూపుడు వేలు చాస్తే మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి రావాలి. మెడ సాగదీయకుండా చెంప ఆనాలి, కన్ను సూటిగా వెనక సైటు రంధ్రంలోకి చూడాలి. పిల్లలు ఏడాదికి రెండు అంగుళాలు పెరిగే వయసు కాబట్టి మడమ, చెంప చెక్క జరుపుకునే వీలున్న రైఫిల్ అయితేనే రెండు మూడేళ్ళు వస్తుంది.

కన్ను సంగతి చాలామంది మరిచిపోతారు. రెండు అరచేతులు చాచి బొటనవేళ్ళ దగ్గర చిన్న త్రికోణం చేసి, రెండు కళ్ళూ తెరిచి, అందులోంచి ఎదురు తలుపు మీది కుంకుమ బొట్టును చూడమనండి. తర్వాత ఎడమ కన్ను మూయమనండి. బొట్టు అక్కడే ఉంటే కుడి కన్ను పెత్తనం. మాయమైతే ఎడమ కన్నుది. కుడిచేతి పిల్లకు ఎడమ కన్ను పెత్తనమైతే ఏ భుజానికి పెట్టాలో కోచ్ తేల్చాకే రైఫిల్ సంగతి. కుడిచేతి రైఫిల్ కొనేసి ఎడమవైపు తిప్పుకోవడం కష్టం.

స్ప్రింగ్ రైఫిలా, పీసీపీనా అని అడుగుతారు. స్ప్రింగ్ చవక, సిలిండర్ బాధ లేదు. కానీ గుండు బ్యారెల్ దాటకముందే రైఫిల్ ముందుకూ వెనక్కూ అదురుతుంది, నేర్చుకునే చేతికి తన తప్పేదో రైఫిల్ తప్పేదో తెలియదు. పీసీపీలో గాలి ముందే రెండు వందల బార్ ఒత్తిడితో సిలిండర్లో నింపి ఉంటుంది, అదురు దాదాపు ఉండదు. పోటీ ఆలోచన ఉంటే పీసీపీయే. ఫైన్‌వెర్క్‌బౌ, వాల్తర్, ఆన్‌షుట్జ్ లాంటి జర్మనీ మ్యాచ్ రైఫిళ్ళు లక్షల్లో ఉంటాయి. మొదలుపెట్టే పిల్లలకు క్లబ్బుల్లో హేమర్లీ ఏఆర్20 లాంటి తేలిక రైఫిళ్ళు పెడుతుంటారు. మొదటిది అలాంటిదే చాలు.

మనలాంటివాళ్ళకు సెకండ్ హ్యాండ్ మంచి దారి. పెద్ద పిల్లలు మంచి రైఫిల్‌కు మారినప్పుడు పాతది అమ్ముతారు. చూసేటప్పుడు సిలిండర్ మీద చెక్కిన తయారీ తేదీ చదవండి, పదేళ్ళు దాటితే ఆ సిలిండర్ వద్దు. సాయంత్రం మీటరు ముల్లు ఎక్కడుందో రాసుకుని మర్నాడు పొద్దున చూడండి, దిగిపోతే సీళ్ళు లీకు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెబుతా. మన ఊళ్ళలో గాలి నింపే చోటు దొరకదని వెల్డింగ్ షాపు ఆక్సిజన్ సిలిండర్ వైపు ఎవరైనా చూపిస్తే ఆ మనిషి దగ్గర్నుంచి వచ్చెయ్యండి. ఆక్సిజన్, లోపలి జిడ్డు కలిస్తే పేలుతుంది. మామూలు పొడి గాలే నింపాలి. చేతిపంపు ఉంది, కష్టమైనా అదే నయం.

చట్టం విషయం కూడా చూసుకోవాలి. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. పాప ఎన్‌సీసీలో కాల్చిన పాయింట్ టూ టూ మాత్రం అసలైన తూటా పేల్చే ఆయుధం, దానికి లైసెన్సు తప్పదు. బిల్లు, పెద్దవాళ్ళ గుర్తింపు పత్రం ఒకచోట పెట్టుకోండి. రైఫిల్ ఎప్పుడూ తాళంలో, పెల్లెట్లు వేరే తాళంలో.

ఇంట్లో సాధన అంటే మనవాళ్ళు మిద్దె మీదికో, నాపరాళ్ళ గోడ దగ్గరికో వెళతారు. బేతంచెర్ల బండ అయినా కడప రాయి అయినా గుండు దానికి తగిలితే వెనక్కి ఎగిరి కంటికి తగలొచ్చు. మందమైన చెక్క పెట్టెలో పాత గుడ్డలు కుక్కి దాని ముందు కాగితం పెట్టండి. ఆ వెనక తలుపు, కిటికీ, దారి ఏదీ ఉండకూడదు. పెల్లెట్లు సీసం, కాల్చాక సబ్బుతో చేతులు కడిగాకే ముద్ద ముట్టుకోవాలి. పిట్టల జోలికి మాత్రం పోనివ్వకండి. లంకమలలో కలివికోడి 1986లో మళ్ళీ కనిపించిన నేల మనది. రోళ్ళపాడు బట్టమేక పిట్టకు పేరుపడిన నేల మనది. పిట్ట మీద గురిపెట్టిన రోజే రైఫిల్ లాక్కోండి.

ఖర్చు లెక్క రైఫిల్‌తో తీరదు. పెల్లెట్ల డబ్బాలో ఐదు వందలుంటాయి. రోజుకు వంద కాలిస్తే ఐదు రోజులకు ఖాళీ. మందపాటి కాన్వాసు, తోలుతో కుట్టిన షూటింగ్ జాకెట్టు కావాలి. మే నెలలో కర్నూలు ఎండకు అది తొడుక్కుని మధ్యాహ్నం నిలబడటం అయ్యే పని కాదు, తెల్లవారుజామునే సాధన. ఉన్న డబ్బంతా రైఫిల్‌కే పెట్టేస్తే జాకెట్టుకూ పెల్లెట్లకూ కోచ్‌కూ మిగలదు. అందుకే రైఫిల్ చివర కొనమంటున్నా.

పాప సెలవుల్లో హైదరాబాదులో వాళ్ళ పిన్ని ఇంట్లో ఉండి, ఒక క్లబ్బులో అద్దె రైఫిల్‌తో నెల రోజులు నేర్చుకుంది. మొదటి వారం పెల్లెటే ఇవ్వలేదు. ఖాళీ పీసీపీ పట్టుకుని గోడ మీద చుక్కను చూస్తూ నిలబడటమే. స్ప్రింగ్ రైఫిల్‌తో మాత్రం అలా ఖాళీగా పేల్చకూడదు, లోపల పిస్టన్ దెబ్బతింటుంది. వాళ్ళమ్మ ఒకరోజు వెళ్ళి వెనక బెంచీ మీద కూచుని చూసింది. ఇరవై మంది పిల్లలు, ఒక్క మాట లేదు. రైఫిళ్ళన్నీ కింద పెట్టాక, గొట్టాల్లోంచి నారింజ రంగు సేఫ్టీ జెండాలు కనిపించాకే కోచ్ ముందుకు కదిలాడు. "అక్కా, గుళ్ళో కూడా అంత నిమ్మళం సూడలేదు" అని చెప్పింది ఫోన్లో.

రైఫిల్ ఇంకా కొనలేదు. జాకెట్టు కుట్టించారు. కోచ్ దసరాకు ఒక సీనియర్ పిల్ల దగ్గరి పాత రైఫిల్ చూపిస్తానన్నాడు. మీ ఇళ్ళలో ఇలాంటి పిల్ల ఉంటే, దుకాణానికి వెళ్ళే ముందు మీరూ ఒకరోజు రేంజ్‌లో ఆ వెనక బెంచీ మీద కూచుని చూడండి. చూసి నాకు జాబు రాయండి.

మీ అక్క