మా మెట్ట కొండల్లో పిల్లాపాపలతో నడవాలంటే

సెలవులకు ఊరొచ్చిన పిల్లలు రెండో రోజుకే ఫోన్లు తీసి అరకు, లంబసింగి వెతకడం మొదలుపెడతారు. మా రెడ్డిగూడెం చుట్టూ ఉన్నవి వాళ్ల లెక్కలో కొండలే కావు. నిజమే, మావి మబ్బుల్ని తాకేవి కావు, మంచు పడదు, జలపాతాలూ లేవు. మైలవరం నుంచి కొండపల్లి మీదుగా కృష్ణ ఒడ్డు దాకా ఉన్నది పొడి అడవి. మొదటి వానకు పచ్చబడి, శివరాత్రికి ఆకు రాల్చేస్తుంది. కానీ ఏడేళ్ల పిల్లా, డెబ్భయ్యేళ్ల నాయనమ్మా కలిసి నడవగల దారులు ఇక్కడున్నన్ని మన్యంలో ఉండవు. 2022 ఏప్రిల్ 4 నుంచి మేం కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాకు మారాం. వాగులకూ గుట్టలకూ ఆ సంగతి తెలియదు. నా పిల్లల్నీ, తర్వాత వాళ్ల పిల్లల్నీ వెంటేసుకుని తిరిగినవాడిగా నాలుగు మాటలు చెబుతాను.

1. ఎత్తుకు కాదు, ఎండకు భయపడండి.

మా కొండ ఎక్కలేక వెనక్కొచ్చినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. ఎండకు తాళలేక చతికిలబడ్డవాళ్లను చాలామందిని చూశాను. నవంబరు నుంచి జనవరి చివరిదాకా మంచి కాలం. ఆ తర్వాత చెట్టు మీద ఆకు ఉండదు, ఆకు లేకపోతే నీడ లేదు, రాయి మాత్రం పొద్దున ఎనిమిదింటికే కాగడం మొదలవుతుంది. చలికాలంలోనైనా తెల్లారగానే బయల్దేరి, పదింటికల్లా దిగిపోవాలి. ఏప్రిల్, మే నెలల్లో కొండ జోలికి పోకండి, మామిడి తోటల్లో తిరగండి. ఆ నెలల్లో మా మండలానికి మించిన చోటు లేదు.

నీళ్లు ఎవరి సీసా వాళ్లే మోయాలి. పైన ఎక్కడో దొరుకుతాయిలే అనుకోవద్దు. మజ్జిగలో కాస్త ఉప్పు వేసి తీసుకెళితే ఇంకా మంచిది. వాగుడుకాయలాంటి పిల్లాడు ఉన్నట్టుండి నోరు మూశాడంటే బుద్ధిమంతుడయ్యాడని మురిసిపోకండి. నీడకు తీసుకెళ్లి కూర్చోబెట్టి, తడిగుడ్డతో మెడా ముఖం తుడిచి, కొంచెం కొంచెంగా నీళ్లు తాగించండి.

2. తొలి నడకకు ధనంబోడు చాలు.

జగ్గయ్యపేట ఊరి పక్కనే ఉంది. చిన్న గుట్ట. ఎక్కినట్టే ఉండదు, పైన మాత్రం రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపం పునాది. పురావస్తు శాస్త్రవేత్త బర్జెస్ 1882లో ఇక్కడ తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పాలన 20వ ఏట సిద్ధార్థుడనే పనివాడు ఈ స్తూపం తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు (స్తూపం ముందుకు పొడుచుకొచ్చే అరుగు మీద నిలిపేవి) నిలబెట్టించాడని శాసనం చెబుతోంది. రాజులూ మంత్రులూ కాదు, ఒక చేతిపనివాడు! నాకు ఆ గుట్ట మీద అన్నిటికంటే నచ్చే సంగతి అదే.

ఇక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆయన చెయ్యెత్తితే పైనుంచి నాణేల వాన కురుస్తుంటుంది. బయల్దేరే ముందు దాని ఫొటో ఫోన్‌లో పెట్టుకుని, స్తూపం పక్కన నిలబడి పిల్లలకు చూపించండి. లేకపోతే వాళ్లకు అక్కడ కనిపించేది ఇటుకలూ రాతి పలకలే.

3. కొండపల్లి కోటకు ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లొచ్చు, కానీ అందరూ ఒకేలా ఎక్కనక్కర్లేదు.

పైదాకా తారు రోడ్డు ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను బండిలో పంపి, నడిచే ఓపిక ఉన్నవాళ్లు ఆ రోడ్డు వెంటే చెట్ల మధ్య నడిచి వెళితే చాలు. ఇందులో నామోషీ ఏం లేదు. దిగడం మాత్రం పెద్దవాళ్లకు ఎక్కడం కంటే కష్టం. మోకాలు అరిగినవాళ్లను కిందికి నడిపించాలని చూడకండి.

కోటను 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టారు. తర్వాత గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు ఏలారు. 1766లో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. ఈ చరిత్రంతా గేటు దగ్గరే అప్పజెబితే పిల్లలు పారిపోతారు. ముందు బురుజు దగ్గరికి తీసుకెళ్లి, ఒకవైపు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలూ, అవతల కృష్ణా చూపించి, ఇక్కడ కూర్చున్నవాడికి కిందినుంచి వచ్చే సైన్యం ఎంత దూరంలో కనబడుతుందో వాళ్లనే చెప్పమనండి. మిగతాది వాళ్లే అడుగుతారు. కోనేటి దగ్గర మాత్రం చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు. గోడల మీద పేర్లు చెక్కే కుర్రాళ్లు మీ గుంపులో ఉంటే వాళ్లను అసలు తీసుకురావద్దు.

జనవరి చివరిదాకానే మంచి కాలమన్నానుగానీ, ఒక్క మినహాయింపు ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెల్లపొణికి చెట్టు ఆకులన్నీ రాల్చేసి కాయలతో నిలబడుతుంది. నున్నటి బూడిద రంగు బెరడును బట్టి దూరం నుంచే పోల్చుకోవచ్చు. కాయ గోళీ అంత ఉంటుంది, తల మీద పొడుగాటి రెక్కలు రెండు. కింద రాలినదాన్ని ఏరి పైకి విసిరితే గిరగిరా తిరుగుతూ తాపీగా నేల మీద వాలుతుంది. గాలికి దూరంగా వెళ్లి మొలవడానికి ఆ చెట్టు చేసుకున్న ఏర్పాటు అది. తెల్లవారుజామున వెళ్లి, ఒక గంట ఆ కాయలతో ఆడుకుని వచ్చేయండి.

4. కొండ అస్సలొద్దనేవాళ్లకు మూలపాడు.

హైదరాబాదు హైవే పక్కనే, ఇదే అడవి అంచున అటవీ శాఖవాళ్ల సీతాకోకచిలుకల పార్కు. వానలు వెనకబట్టాక వెళ్లండి. పొద్దు కాస్త ఎక్కి రెక్కలు వెచ్చబడితేగానీ సీతాకోకలు ఎగరవు కాబట్టి, తెల్లారకముందే లేవాల్సిన పని లేని నడక ఇదొక్కటే.

5. నీళ్లు కనబడగానే నడక ఆపండి, స్నానం మొదలుపెట్టకండి.

ఈ మాటే అన్నిటికంటే గట్టిగా చెబుతాను. వేదాద్రిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని, కృష్ణ ఒడ్డున నడవడం ఎంతో బాగుంటుంది. ముక్త్యాల దగ్గరా అంతే. కానీ ఎగువన పులిచింతల ఉందని మరవొద్దు. 45 టీఎంసీలకు పైగా నీళ్లు పట్టే జలాశయం. 2021 ఆగస్టు 5న దాని గేటు ఒకటి కొట్టుకుపోయింది. గేటు ఊడక్కర్లేదు, మామూలుగా ఎత్తినా చాలు, ఇక్కడ చినుకు లేకుండానే ఏరు పెరుగుతుంది. ఎండగా ఉంది కదా అని నది మధ్య రాళ్ల మీదికి పిల్లల్ని తీసుకెళ్లొద్దు.

వాగులదీ అదే వరస. బుడమేరు పుట్టేది మా మైలవరం వైపు కొండల్లోనే. ఏడాదిలో ఎక్కువ నాళ్లు దాటుతుంటే పాదం కూడా తడవదు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది ఆ బుడమేరే. కొండ మీద నల్లగా మబ్బు పట్టిందంటే వాగు ఇవతలే ఉండిపోండి, అవతల ఎంత మంచి చోటున్నా సరే.

అన్నిటికంటే చెడ్డవి గ్రావెల్ గుంటలు. గుట్టల్ని తవ్వుకుపోయి వదిలేసిన గోతులు వానకు నిండి అచ్చం చెరువుల్లా కనబడతాయి. చెరువుకు రేవు ఉంటుంది, లోతు మెల్లగా పెరుగుతుంది. ఈ గుంటకు ఒడ్డు నిట్టనిలువు. ఒక్క అడుగు జారితే నిలువు లోతు. ఈతొచ్చినవాడు కూడా మట్టి ఊడిపోతుంటే పైకి రాలేడు. తవ్వినవాళ్లు పూడ్చాలి, పూడ్చరు. మనమే దూరంగా ఉండాలి.

6. దురదగొండి, గురివింద.

రెండూ చలికాలంలోనే చేతికందుతాయి. దురదగొండి కాయ మీద బంగారు రంగు నూగు పిల్లల్ని పిలుస్తుంది. ముట్టుకుంటే పొద్దుగూకేదాకా గోకుడే. మా వైపు పేడ పులిమి ఎండాక రాలగొడతారు. అది వద్దనేవాళ్లు గోకకుండా నూగు దులిపేసి, ఎక్కువ నీళ్లతో కడగాలి. గురివింద గింజ ఏరుకోవచ్చు, నోట్లో పెట్టుకోకూడదు. నమిలితే విషం. సీతాఫలాల కాలంలో వెళితే మాత్రం చేసంచి మరిచిపోకండి.

7. పాముంటుంది, చిరుతా ఉంటుంది.

ఉన్నమాట దాచి తీసుకెళ్లడం కంటే చెప్పి తీసుకెళ్లడం నయం. గుంపుగా, మాట్లాడుకుంటూ, పొద్దున పూట దారి మీదే నడిచేవాళ్ల దగ్గరికి సాధారణంగా చిరుత రాదు. పొద్దుగూకాక ఉండొద్దు. రిజర్వు ఫారెస్టు లోపలికి వెళ్లాలంటే ముందు అటవీ సిబ్బందిని అడగండి.

పాముల భయానికి చెప్పులు కాదు, బూట్లు వేసుకోవాలి. రాళ్ల సందుల్లో, ఆకుల కుప్పల్లో చేతులు పెట్టొద్దు. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, మంత్రం, పసరు ఏవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూసి, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందున్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. రక్తపింజర అయినా కట్లపాము అయినా అదే పని.

8. వచ్చేటప్పుడు కొండపల్లి బొమ్మల కాలనీలో ఆగండి.

మీరు గాల్లో ఎగరేసిన కాయ ఏ చెట్టుదో, ఆ తెల్లపొణికి కర్రతోనే ఇక్కడ దశావతారాలూ అంబారీ ఏనుగూ తయారవుతాయి. తేలిక కర్ర, చెక్కితే చెప్పినట్టు వింటుంది. ముక్కల్ని అతకడానికి చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కు వాడతారు. అడవిలో పొణికి లేకపోతే ఈ పనే లేదు. కాబట్టి నడిచేటప్పుడు మొక్క కనబడితే తొక్కకండి, విరవకండి, అడవిలో నిప్పు పుట్టించకండి. కాలనీలో తయారుచేసే ఇంట్లోనే పిల్లలకొక బొమ్మ కొనిపెట్టండి, బేరమాడకుండా.